నలభై గ్రాముల తేడా

శుక్రవారం పొద్దున పది గంటలకు ఆ అమ్మాయి ఆఫీసులోకి వచ్చిందనడం కంటే ఊడిపడిందనడం న్యాయం. తలుపు వెళ్ళి గోడకు కొట్టుకుంది, గొడుగుల స్టాండు పల్టీ కొట్టింది, గుమాస్తా చేతిలోని టీ సగం సాసర్లోకీ సగం నిన్నటి ఫైలు మీదికీ పోయింది.

"మధ్యాహ్నం మూడింటికి నేను ఇంట్లోంచి బయల్దేరాలి మేడమ్. ఏడింటికి విమానం. పాస్‌పోర్టు కనబడటం లేదు. ఎవరో తీశారు."

"కూర్చోమ్మా" అంది మేడమ్.

"కూర్చోలేను మేడమ్, కాళ్ళు ఆగడం లేదు."

"సరే, నడుస్తూనే చెప్పు. నాకూ అదే అలవాటు."

ఇద్దరూ ఆ ఇరుకు గదిలో కిటికీ నుంచి తలుపుకూ తలుపు నుంచి కిటికీకీ పచార్లు మొదలుపెట్టారు. మధ్యలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న గుమాస్తాకు మెడ పట్టేసేలా ఉంది. ఆయన ఒకప్పుడు బడిలో గుమాస్తా. ఆ ఉద్యోగం పోయినా పిలుపు మాత్రం మిగిలింది. మేడమ్ కస్టమ్స్‌లో ఇరవై రెండేళ్ళు జనం సంచులు విప్పి చూసి, రిటైరయ్యాక ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. ఆవిడ బుర్రకు సాటి వచ్చే బుర్ర ఊళ్ళో ఇంకొకటి లేదని గుమాస్తా గట్టి నమ్మకం. ఆ మాట అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్ళు. క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీస్తుంది. అక్కాబావల దగ్గర ఉంటుంది. ఇంట్లో ఆమెకు అందరూ పెట్టిన ముద్దుపేరు తొందర.

"ఎక్కడికి ప్రయాణం?"

"విదేశం మేడమ్, మంచు కొండలకి. స్నోబోర్డింగ్. పలకకి రెండు కాళ్ళూ బిగించుకుని పైనుంచి కిందికి జారడం."

"బుద్ధిపూర్వకంగానే?" అన్నాడు గుమాస్తా, నోరు జారి.

"ఎవరెవరు వెళ్తున్నారు?" అంది మేడమ్.

"నేనొక్కదాన్నే. స్నేహితులతో మూడుసార్లు అనుకున్నాం, మూడుసార్లూ ఎవరో ఒకరు హ్యాండిచ్చారు. ఆరేళ్ళుగా చీకటి గదిలో కూర్చుని ఇతరుల ఎముకలు చూస్తున్నాను మేడమ్. మొన్న సోమవారం టికెట్ ధర సగానికి పడింది, అదే రోజు తొమ్మిది రోజుల సెలవు దొరికింది. ఆలోచిస్తే మళ్ళీ ఆగిపోతానని అరగంటలో కొనేశాను. అది వెనక్కివ్వని టికెట్. ఇప్పుడు పోతే ఇంక నేను ఎప్పటికీ వెళ్ళను. నా సంగతి నాకు తెలుసు."

కానీ అసలు బాధ అది కాదని తర్వాతి మాటలో తెలిసింది.

"అందరూ ఒకటే అంటున్నారు, తొందరలో నువ్వే ఎక్కడో పెట్టుంటావని. రాత్రికి నాకూ అలాగే అనిపించడం మొదలైంది. నా బుర్ర మీద నాకే నమ్మకం పోతోంది మేడమ్. నేను పెట్టలేదు. పెట్టలేదని ఎవరైనా చెబితే చాలు."

మేడమ్ ఆగి ఆమె వంక చూసింది. "ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

ఆమె సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. చవక టికెట్ కాబట్టి బరువు పరిమితి గట్టిది. చేతిసంచి ఏడు కిలోలు దాటకూడదు, బోర్డు సంచి పది దాటకూడదు. దాటితే విమానాశ్రయంలో వాళ్ళు అడిగే డబ్బుతో అక్కడ మూడు రోజులు బతకొచ్చు. అందుకని బుధవారం సాయంత్రం ఆమె తను తీసుకెళ్ళే ప్రతి వస్తువునూ వంటింటి కాటా మీద పెట్టి తూచింది. గుమాస్తా ఆ జాబితా చదివి ముక్కున వేలేసుకున్నాడు. మేజోళ్ళు ఆరు జతలు, నాలుగు వందల ఎనభై గ్రాములు. పిడి సగం కోసేసిన టూత్‌బ్రష్, తొమ్మిది గ్రాములు. పాస్‌పోర్టు, నలభై గ్రాములు, అది జేబులోకి. కింద మొత్తాలు: చేతిసంచి ఆరు కిలోల తొమ్మిది వందల ఎనభై, బోర్డు సంచి తొమ్మిది కిలోల ఆరు వందల పది.

"తూచాక పాస్‌పోర్టు హాల్లో బల్ల మీద పెట్టాను. నిన్న సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి చూస్తే లేదు. చేతిసంచి రెండుసార్లు కుమ్మరించాను. మంచం కింద, ఫ్రిజ్ వెనక, చెత్తబుట్టలో కూడా చూశాను."

"బోర్డు సంచిలో?"

"అది బుధవారమే కట్టేశాం మేడమ్. బావే సర్ది జిప్పు వేశాడు. కొండ దగ్గరికి వెళ్ళేదాకా విప్పకు, కాళ్ళ పట్టీల బిగింపు చెడిపోతుంది అన్నాడు. ఆ బోర్డు బావదే. పెళ్ళికి ముందు రెండు చలికాలాలు అదే కొండ మీద గడిపాడు. స్నేహితులతో అనుకున్నప్పుడే నేను పక్క నగరంలో మంచు పరిచిన హాలుంటే అక్కడ మూడు రోజులు నేర్చుకున్నాను. మొదటి రోజు ఎన్నిసార్లు కూలబడ్డానంటే, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా మూడు గంటలు నిలబడే వచ్చాను. మిగతాదంతా బావ చెప్పాడు. ఖర్చు తగ్గే దారి కూడా గీసిచ్చాడు."

ఆమె ఒక జిరాక్సు కాగితం వెనక పెన్నుతో గీసిన పటం చూపించింది. కొండ శిఖరం, దాని వెనక లోయ, లోయ చివర ఊరు, ఊళ్ళో ఆమె మంచం తీసుకున్న ఎనిమిది మంది పడుకునే వసతి గది. కొండ పైకి తీసుకెళ్ళే తీగ బండికి రోజు పాసు కొనక్కర్లేకుండా ఒక్కసారి పైకెళ్ళి, వెనక లోయలోంచి నేరుగా ఊళ్ళోకి దిగిపోవడం. దాని మీద బాణం గుర్తు వేసి ఉంది.

"బుధవారం రాత్రి మళ్ళీ ఆ దారి వద్దులే అన్నాడు బావ. అక్క తిట్టుంటుంది. వందసార్లు దిగినవాడివి, నువ్వే భయపడితే ఎలా బావా అని నవ్వేశాను."

"అక్కకి ఇష్టం లేదా?"

"అక్క సోమవారం నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఇంకా మా సీనియర్ ఉంది. ఈ తొమ్మిది రోజులూ నా డ్యూటీ కూడా ఆవిడే చేయాలి. నిన్న నాది మధ్యాహ్నం డ్యూటీ. పదకొండింటికి నేను బజారుకెళ్ళినప్పుడు ఏదో కాగితం మీద సంతకం కోసమని మా ఇంటికొచ్చి, హాల్లో పది నిమిషాలు ఒక్కతే కూర్చుందట."

మేడమ్ వసతి గది వాళ్ళ ఫోన్ నంబరు అడిగి తీసుకుంది. కిటికీ దగ్గర నిలబడి, పటం ముందు పెట్టుకుని, పరాయి భాషలో నాలుగు నిమిషాలు మాట్లాడింది. గుమాస్తాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఫోన్ పెట్టేసినప్పుడు ఆవిడ ముఖం చూసి ఒంట్లో చలి పుట్టింది.

"గుమాస్తాగారూ, కొక్కెం కాటా ఒకటి సంపాదించండి" అంది. "పది గ్రాముల తేడా కూడా చూపించేది కావాలి."

*

ఇల్లు మూడో అంతస్తులో ఉంది. అక్క కర్టెన్లు కుట్టి అమ్ముతుంది కాబట్టి హాలంతా గుడ్డల తానులు. గోడ మీద రెండు మేకుల మధ్య నిలువుగా ఒక పొడుగాటి మచ్చ, చుట్టూ మాసిన రంగు మధ్యలో తెల్లగా ఉంది. అక్కడ తొమ్మిదేళ్ళు బోర్డు వేలాడింది. కింద దివాను పక్కన బోర్డు సంచి పడుకుని ఉంది. పాస్‌పోర్టు పెట్టిన బల్ల దానికి రెండడుగుల దూరం.

మేడమ్ ముందు అక్కను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"నేనెందుకు తీస్తానండీ?" అక్క ముక్కు ఎగబీల్చింది. "వద్దని మొహం మీదే చెప్పాను. దాని సంచుల్లో నన్నొక్క వస్తువు పెట్టనివ్వలేదు. ఒక శాలువా, నాలుగు జ్వరం మాత్రలు, అంతే కదా! పెద్ద సంచి విప్పవే, అందులో చోటుంటుంది అని నిన్న ఇంట్లో ఉన్నంతసేపూ దాని వెనకాలే తిరిగాను. వినదే! గ్రాములట, గ్రాములు!"

"మీ ఆయన ఏమంటారు?"

"ఆయనకేం, సోమవారం నుంచీ చంకలు గుద్దుకుంటున్నారు. బుధవారం నుంచి మాత్రం అన్నం సరిగ్గా తినడం లేదు."

పన్నెండున్నరకు సీనియర్ భోజన విరామంలో వచ్చింది. యాభై దాటిన మనిషి. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"కోపం ఉందా అంటే ఉంది. తొమ్మిది రోజులు రెండు డ్యూటీలు చేస్తే నా నడుముకి ఎవరు ఎక్స్‌రే తీస్తారు? అలాగని దొంగతనం చేస్తానా? ఆ పిల్ల వెళ్ళకపోతే తొమ్మిది రోజులు దాని ఏడుపు మొహం చూడాలి. నాకు రెండు డ్యూటీలే నయం."

"నిన్న ఇక్కడ కూర్చున్నప్పుడు బల్ల మీద పాస్‌పోర్టు చూశారా?"

సీనియర్ కళ్ళు చిట్లించింది. "బల్ల మీద కత్తెర ఉంది, టేపు ఉంది. పాస్‌పోర్టు మాత్రం లేదండీ. ఉంటే ఫొటో ఎలా ఉందో తెరిచి చూసేదాన్నే, అబద్ధమెందుకు?"

ఒంటిగంటకు బావ కొట్టు మూసి వచ్చాడు. వీధి చివర జిరాక్సు కొట్టు ఆయనది. నవ్వు ముఖం, కలుపుగోలు మాట, చూడగానే స్నేహం చేసేయాలనిపించే మనిషి. గుమాస్తాకు ఆయన వెంటనే నచ్చాడు. కస్టమ్స్ మేడమ్ వచ్చిందని తెలిసి ఆయన ముందుగానే టీ పెట్టించాడు.

"పాపం పిల్ల! తొందరలో ఎక్కడో పెట్టుంటుందండీ. దొరుకుతుంది, ఇవాళ కాకపోతే రేపు."

"మీరు చాలా కాలం ఆడారట కదా" అంది మేడమ్, సంబరంగా. "నాకు ఎప్పట్నించో సందేహం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజు ఎక్కడ నొప్పి పుడుతుందండీ?"

"కాలి వేళ్ళండీ. ఆ చలికి వేళ్ళు ఊడిపోతాయనిపిస్తుంది. మిగతాదంతా హాయే!"

మేడమ్ తల ఊపింది. గుమాస్తా వేళ్ళు అని రాసుకున్నాడు. రాశాక, పొద్దున తను రాసిన ఇంకేదో వాక్యం మనసులో ముల్లులా గుచ్చుకుంది గానీ, అదేమిటో పేజీలు తిప్పేలోగా మేడమ్ అందర్నీ హాల్లోకి పిలిచింది.

*

గంట రెండు కావస్తోంది. దివాను మీద అక్క, కుర్చీలో సీనియర్, తలుపుకు ఆనుకుని బావ. తొందర కాలుగాలిన పిల్లిలా గోడ నుంచి గోడకు తిరుగుతోంది.

"గుమాస్తాగారూ, ముందు చేతిసంచి."

గుమాస్తా కొక్కేనికి తగిలించి ఎత్తాడు. "ఏడు కిలోల నూట తొంభై."

"రెండు వందల పది గ్రాములు ఎక్కువ!" తొందర అక్క వైపు గిరుక్కున తిరిగింది.

అక్క తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూసింది. "పొద్దున నువ్వు బయటికెళ్ళినప్పుడు... అడుగున పెట్టానే. పల్చటి శాలువానే, ఆ నాలుగు మాత్రలూ."

"ఇది ప్రేమ, దీనికి శిక్ష లేదు" అంది మేడమ్. "ఇప్పుడు రెండోది."

"అది విప్పకూడదండీ" బావ తలుపు దగ్గర్నించి ఒక అడుగు ముందుకు వేశాడు.

"విప్పడం లేదు బాబూ, తూస్తున్నాం."

పొడుగాటి సంచి కదా, గుమాస్తా దివాను ఎక్కి మరీ ఎత్తాల్సి వచ్చింది. అంకెలు కాసేపు ఊగి ఆగాయి. "తొమ్మిది కిలోల... ఆరు వందల యాభై."

తొందర పెదవులు కదిలాయి. బుధవారం ఆరు వందల పది, ఇవాళ ఆరు వందల యాభై. ఆమె ఒక్క ఉదుటున సంచి మీదికి ఉరికి జిప్పు లాగేసింది. బోర్డు కింద పరిచిన మెత్తటి గుడ్డ ఎత్తేసరికి, నీలం అట్ట పాస్‌పోర్టు బయటపడింది.

ఆమె దాన్ని గుండెకు హత్తుకుని నేల మీదే చతికిలబడింది. పొద్దుట్నించి ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"చూశావా, నీ సంచిలోనే ఉంది!" అన్నాడు బావ. కానీ ఆ గొంతులో నవ్వు లేదు.

"ఆ ఒక్క మాట కోసమే కదా ఇదంతా" అంది మేడమ్. "దాచినవాళ్ళు దీన్ని కాల్చేయలేదు, పారేయలేదు, ఇల్లు దాటించలేదు. విమానం వెళ్ళిపోయాక సంచి విప్పితే దానంతటదే దొరకాలి. దొరికితే అందరూ ఏమంటారు? తొందరే తొందరపడింది అంటారు. ఈ అమ్మాయి నాలుగైదు గ్రాములు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి కోసుకుంది. అలాంటి మనిషి కట్టేసిన సంచి బరువు పెంచదు. అందుకని ఎవరో పెంచారేమో చూడాలనిపించింది."

"ఎవరు?" అంది సీనియర్.

"మీరు కాదు. మీరు వచ్చేసరికే బల్ల ఖాళీ. అక్కా కాదు. ఈ సంచి విప్పమని నిన్నంతా వెంటపడింది ఆవిడే. అందులో దాచుంటే ఆ మాట ఎత్తేది కాదు. ఇక మిగిలింది, కొండ దాకా దీన్ని విప్పొద్దని చెప్పిన మనిషి."

"బావా?" తొందర నమ్మలేనట్టు నవ్వింది. "బావ నాకు సాయం చేశాడు మేడమ్. నన్ను వెళ్ళమన్న మనిషి ఈ ఇంట్లో బావ ఒక్కడే."

మేడమ్ వంగి బోర్డును వెలుతురులోకి తిప్పింది. చుట్టూ ఉన్న ఉక్కు అంచు మీద బొటనవేలు పెట్టి చివరి దాకా లాగింది. "కస్టమ్స్‌లో రోజూ చూసేవాళ్ళం. సుంకం ఎగ్గొట్టాలని కొత్త సామాను వాడినదని చెప్పేవాళ్ళు. రెండు చలికాలాలు మంచులో, రాళ్ళలో తిరిగిన అంచుకి ఒక్క నొక్కు లేదు, ఒక్క గీత లేదు. పైన స్టిక్కర్లు అంటించారు, అంతే. ఇంకొకటి. మొదటి రోజు ఎక్కడ నొప్పి పుట్టిందమ్మా నీకు?"

"కూర్చునే చోట" అంది తొందర, అప్రయత్నంగా. "ఎవరికైనా అక్కడే."

గుమాస్తా తొడ చరుచుకోబోయి ఆపుకున్నాడు. అదీ ఆ ముల్లు!

"ఈ బోర్డు మంచు చూడలేదు" అంది మేడమ్, మెల్లగా. "ఈయనా చూడలేదు."

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మరి ఈ పటం?" అని జిరాక్సు కాగితం బల్ల మీద పెట్టింది మేడమ్. "వసతి గది వాళ్ళని అడిగాను. ఆ లోయలోంచి ఊళ్ళోకి దారి లేదు. చివర్న అరవై అడుగుల రాతి గోడ. పైనుంచి జారుతూ వచ్చేవాళ్ళకి అంచు దాకా కనబడదు. పోయినేడాది ఇద్దరు అలా దిగారు. ఒక్కరే బతికారు."

అక్క నోట్లోంచి సన్నటి కేక వచ్చింది.

"బుధవారం రాత్రే తెలిసింది నాకు" అన్నాడు బావ. గోడకు జారి కూలబడ్డాడు. "ఊరికే గీశాను. ఎక్కడో వీడియోలో చూసింది కొంత, నేను కల్పించింది కొంత. ఆ రాత్రి కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎందుకో అసలు పటం తీసి చూశాను. గుండె జారిపోయింది. వెంటనే వచ్చి వద్దన్నాను. నవ్వేసింది. వందసార్లు దిగావుగా అంది. ఇంకెలా ఆపను? ఆపాలంటే అసలు సంగతి చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదు."

"నోరు రాలేదా?" తొందర లేచి నిలబడింది. "నేను పిచ్చిదాన్నయిపోతున్నానని రాత్రంతా ఏడుస్తుంటే, పక్కన కూర్చుని మంచినీళ్ళిచ్చావు బావా. అప్పుడు కూడా రాలేదా?"

జవాబు అక్క వైపు నుంచి వచ్చింది.

"నాకు తెలుసు."

అందరూ అటు తిరిగారు. అక్క ఒళ్ళోని గుడ్డ ముక్కను మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ మాట్లాడింది. "ఆయన చెప్పే ఆ రెండు చలికాలాలూ నేను కుట్టు నేర్చుకునే క్లాసు పక్కన జిరాక్సు కొట్లో పనిచేసేవారు. రోజూ చూసేదాన్ని. మంచు లేదు, కొండ లేదు. పెళ్ళిచూపుల్లో ఆ కథ మొదలుపెట్టారు. నా కోసమే కదా ఇంత కల్పించారు అని ముచ్చటేసింది. తర్వాత చుట్టాలు, స్నేహితులు, నువ్వు... అందరూ నోరు తెరుచుకుని వింటుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. గోడ మీదున్న పలక వల్ల ఎవరికి నష్టంలే అనుకున్నాను. నువ్వు దాన్ని గోడ మీంచి దింపిన రోజు నుంచీ నిద్ర లేదే నాకు. ఈ పటం సంగతి తెలిసుంటే ఆ రోజే చెప్పేసేదాన్ని, ఒట్టు!"

బావ తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు. తొమ్మిదేళ్ళ మాటలన్నీ ఆ క్షణాన వెనక్కి నడిచి వస్తున్నట్టు చూశాడు. అది చూడలేక గుమాస్తా నోట్‌బుక్ మూసేశాడు.

రెండున్నర అయింది. మేడమ్ తన గొడుగు తీసుకుంది. "అమ్మాయ్, నువ్వు పెట్టలేదు. నీ బుర్ర శుభ్రంగా ఉంది. నన్ను అడిగిన పని అదే, అయిపోయింది. వెళ్ళడమా మానడమా నీ ఇష్టం."

తొందర పటాన్ని నాలుగు ముక్కలు చేసింది. శాలువా తీసి అక్క చేతిలో పెట్టింది. మాత్రలు మాత్రం జేబులో వేసుకుంది. బోర్డును మళ్ళీ సంచిలో పడుకోబెట్టి జిప్పు మూసింది.

"దాన్నెందుకే ఇంకా?" అంది అక్క.

"అక్కడ అద్దెకు తీసుకునే స్తోమతు లేదు. దీనికేం పాపం? అక్కడి షాపులో పట్టీలు సరిచేయించుకుంటాను. రోజు పాసు కొంటాను, పిల్లలు జారే వాలు మీదే జారతాను. ఖర్చు సరిపోకపోతే రెండు పూటలూ బ్రెడ్డే."

ఆమె సంచి భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళింది. బావ లేచి రెండడుగులు వెనకాలే వచ్చి ఆగాడు.

"తొందరా, ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పడేటప్పుడు చేతులు ముందుకు చాపకు. పిడికిళ్ళు బిగించి గుండెకు ఆన్చుకో. మణికట్టు విరగదు."

"అది నేనే నీకు చెప్పాను బావా. విరిగిన మణికట్లు చూసీ చూసీ."

"అవును. నువ్వు చెప్పిందే నీకు చెబుతున్నాను. నా దగ్గర సొంతది ఇంకేం లేదు."

తొందర కాసేపు ఆయన వంక చూసింది. కోపం పోలేదు. అంత తొందరగా పోయేదీ కాదు. కానీ పొద్దుట్నించి నిలకడ లేని ఆ కాళ్ళు అక్కడ కాసేపు నిలిచాయి.

"దిగగానే ఫోన్ చేస్తాను" అంది. "మంచు ఎలా ఉంటుందో చెబుతాను, చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుందో, పడితే ఎక్కడ నొప్పి పుడుతుందో, అన్నీ చెబుతాను. మళ్ళీ ఎవరికైనా కథ చెప్పాలనిపిస్తే ఇది మా మరదలు చెప్పింది అని చెప్పు."

బావ తల ఊపాడు.

మూడింటికి రెండు నిమిషాల ముందే ఆమె మెట్లు దిగింది.